నువ్వు పెట్టాల్సిన మంట

అక్కా,

నువ్వు పోయి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క రాయలేదు. ఏడుపొస్తుందని కాదు... కోపమొస్తుందని. ఈరోజు ఆ కోపంతోనే రాస్తున్నా.

నీ మంట పెట్టారక్కా. మార్చిలో. నువ్వు అడిగిన చోటే, నువ్వు చెప్పిన పద్ధతిలోనే. నువ్వు లేకుండా.

ఎన్నాళ్ళు అడిగావు వాళ్ళని? బర్మింగ్‌హామ్ దాటగానే ఉన్న ఆ అడవిలో ఓక్ చెట్లన్నీ ముసలివే. "తాతలున్నారు, మనవలు లేరు. ఇదేం అడవే లలితా?" అనేదానివి. రాలిన కాయ మొలకెత్తినా పైన హాలీ పొదలు, బర్చ్ గుబుర్లు కమ్మేసి వెలుతురు తగలనివ్వవు. చలికాలం చివర్లో గాలి చూసుకుని, అదుపులో ఉండే చిన్న మంట పెడితే ఆ పొదలు, ఎండుటాకులు పోయి ఓక్ మొలకకి చోటు దొరుకుతుందన్నావు. స్విండన్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే నాకే అర్థమైంది. అడవి చూసుకునే కమిటీకి ఎందుకు అర్థం కాలేదు?

అర్థం కాక కాదులే.

ఆ కమ్యూనిటీ హాల్ మీటింగ్ గుర్తుందా? నేను వెనక వరసలో ఉన్నా. అడవిని ఆనుకుని ఇల్లున్న మార్గరెట్ ఆంటీ లేచి, "మీ దేశంలో అడవులు తగలబెట్టుకుంటారేమో, ఇక్కడ మేం చెట్లని ప్రేమిస్తాం" అంది. చైర్మన్ ఆమెను ఆపలేదు సరికదా, తలూపాడు. నువ్వు అడవుల మీద డాక్టరేట్ చేసింది ఇక్కడి యూనివర్సిటీలోనే కదా? ఆ మాట ఎందుకనలేదు? నవ్వి, తర్వాతి స్లైడ్ వేశావు.

కార్లో నేను అరుస్తుంటే అన్నావు: "నేను కోప్పడ్డాననుకో, రేపట్నుంచీ నా కోపం గురించే మాట్లాడతారు. అడవి గురించి మాట్లాడరు."

అప్పుడు నోరు మూసుకున్నా. ఇప్పుడడుగుతున్నా... నీ నవ్వుకి వాళ్ళేమిచ్చారు? ఆ చలికాలం వద్దన్నారు. పై ఏడు నేల తడిగా ఉందన్నారు. ఆ పై ఏడు ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నారు. అయినా నువ్వు ప్రతిసారీ అదే ఓపికతో వెళ్ళేదానివి, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని.

తర్వాత కడుపునొప్పి. గ్యాస్ అనుకున్నాం. స్కాన్ తీసేసరికి క్యాన్సర్ లివర్ దాకా పాకింది. హాస్పిటల్ బెడ్ మీద నుంచి కిటికీ వైపు చూస్తూ, "గాలి ఎటు వీస్తోందే?" అనడిగావు. తూర్పు నుంచి అని నోటికొచ్చింది చెప్పా, నాకేం తెలుసు? "నేల ఆరితే పెట్టొచ్చు" అన్నావు. ఆ వారంలోనే వెళ్ళిపోయావు. పోతూ పోతూ అడిగేది గాలి గురించా అక్కా? నన్నేమీ అడగాలనిపించలేదా?

ఆ ఎండాకాలం ఇక్కడ వానే లేదు. పచ్చిక అంతా మన నంద్యాల వైపు మే నెలలో ఉన్నట్టు పసుపెక్కిపోయింది. ఎవరో అడవిలో బార్బెక్యూ పెట్టుకుని, నిప్పు ఆర్పకుండా పోయారు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఎండుటాకులు, గుబుర్లు... నువ్వు హెచ్చరించినట్టే మంట వాటిని పట్టుకుని పైకెక్కింది. పడమటి వాలు మీద ముసలి ఓక్‌లు నిలువునా కాలిపోయాయి. ఫైర్ ఇంజన్లు రాత్రింబవళ్ళు అక్కడే. అప్పుడు గుర్తొచ్చావు వాళ్ళకి. నువ్వు కాదు, నీ ప్లాను.

మార్చిలో మంట పెడుతున్నారని నీతో పనిచేసిన బ్రయన్ ఫోన్ చేస్తే, సెలవు పెట్టి వెళ్ళా. బావని రమ్మన్నా. ఆ వైపు రాలేనన్నాడు.

ఏమో ఊహించుకున్నా. చూస్తే మంట మోకాలెత్తు కూడా లేదు. ఆకుల మీద చిటపటమంటూ మనిషి నడక కన్నా నెమ్మదిగా పాకింది. చుట్టూ మంట గీత దాటితే కొట్టి ఆర్పడానికి రబ్బరు పలకలు కట్టిన పొడవాటి కర్రలతో మనుషులు, పక్కన నీళ్ళ ట్యాంకు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఇంతేనా? ఇంత చిన్న మంట కోసమా నిన్ను అన్నేళ్ళు తిప్పారు? పొగకి కళ్ళు మండుతున్నాయని బ్రయన్‌తో చెప్పా. అబద్ధం.

మార్గరెట్ ఆంటీ ఫ్లాస్కులో టీ తెచ్చి అందరికీ పోసింది. నా దగ్గరికీ వచ్చింది. తాగాల్సిందేమో... తాగలేదు.

మే నెలలో మళ్ళీ వెళ్ళా. నల్లటి నేలలోంచి లేత ఎర్రాకులు. పైన కాలిన మొలకలన్నీ వేరు నుంచి మళ్ళీ లేచాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చిగురు ముట్టుకున్నా. చూడాల్సినదానివి నువ్వు కదా? నేనెందుకు చూస్తున్నాను?

మొన్న శనివారం ఆ చిగుళ్ళు వచ్చిన సంబరానికి అదే కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. కౌన్సిల్ వాళ్ళు, ఫొటోలు, కేకులు. చైర్మన్ మైకు పట్టుకుని ఇదంతా తమ కమిటీ ముందుచూపు అన్నాడు. నీ పేరు రాలేదు. చివర్లో వస్తుందేమోనని చూశా. చప్పట్లు కొట్టేశారు.

లేచానక్కా. కోపంలో ముందు తెలుగే వచ్చింది. "సిగ్గులేదా మీకు?" అని అరిచా. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరికీ అర్థమైంది. తర్వాత ఇంగ్లీషులో చెప్పా. ఈ పని అడిగింది డాక్టర్ సుజాత, కాదన్నది మీరు, ఇదే హాల్లో అని. నీ పేరు వాళ్ళు సరిగ్గా పలికేదాకా పలికించా. చైర్మన్ మొహం కందగడ్డయింది. ప్రశ్నలు తర్వాత అన్నాడు. ఇది ప్రశ్న కాదన్నా.

మార్గరెట్ ఆంటీ నిలబడి, "ఆ రోజు వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను" అంది. సారీ అనలేదు. నేనూ క్షమించానని అనలేదు.

అడవి దగ్గర పెట్టే బోర్డు మీద నీ పేరు వేస్తామని నిన్న మెయిల్ పంపారు. సంతోషించాలా? నాకైతే ఇంకా మండుతోంది.

ఇంకో సంగతి. జింకలు ఆ చిగుళ్ళు మేసేస్తున్నాయి. కంచె వెయ్యమంటే బడ్జెట్ లేదన్నారు. గురువారం సాయంత్రం కమిటీ మీటింగ్. ఆఫీసులో చెప్పేశా, ముందే బయల్దేరతానని. కంచె వేసేదాకా ప్రతి మీటింగుకీ వెళ్తా.

నీ చెల్లెలు,
లలిత