పెంటమ్మ కేక

ఎల్‌బీ నగర్ చౌరస్తా, సమ్మె శిబిరం
సోమవారం

గడ్డిఅన్నారంలోని మా ఇంట్లో పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న జోగారావు గారికి, కింది పోర్షన్‌లో ఉంటున్న పెంటమ్మ కోడలు, టీచర్ యాదలక్ష్మి నమస్కారం.

మేం ఇక్కడ టెంటు కింద కూర్చుని తెలంగాణ కోసం కొట్లాడుతున్నాం. బడి బందు, బస్సులు బందు. ఇలాంటి రోజుల్లో సొంత ఇంట్లోంచి కేకలు వస్తున్నాయని తెలిస్తే మనసెలా ఉంటుందో మీరే ఆలోచించండి. సైదమ్మ పొద్దున మన ఇంట్లో పని చేసుకుని, మధ్యాహ్నం శిబిరానికి వస్తుంది కదా. ఆమె నిన్న చెప్పిన మాట ఇది: "టీచరమ్మా, మీ అత్త పానం పోయేటట్టు ఒర్రింది. ఉరికిపోయి చూస్తే పైనింటాయన చేతుల ఏదో మిషిన్ వట్టుకోని మంచం కాడ నిలవడ్డడు. ముసలమ్మేమో నవ్వుతున్నది."

కేక పెట్టిన మనిషి వెంటనే నవ్వడం నాకు మరింత అనుమానంగా ఉంది. అత్తమ్మకు తొంభైకి దగ్గర పడ్డాయి. వనస్థలిపురంలో మా దగ్గర ఉండమంటే, పండ్ల మార్కెట్ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని అక్కడే ఉంటోంది. ఆమె గదిలో మీకేం పని? ఆ మిషన్ ఏమిటి?

ఫోన్ చేయకండి. ఫోన్లో అన్న మాట రేపు అనలేదంటారు. రాసుకున్న ఒప్పందాలకే దిక్కు లేకుండా పోయిన చరిత్ర మాది. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సైదమ్మ చేతికివ్వండి.

జై తెలంగాణ.
యాదలక్ష్మి

తా.క.: అత్తమ్మ బీపీ గోళీ మింగుతోందో లేదో కూడా రాయండి. అనుమానం వేరు, గోళీ వేరు.

*

గడ్డిఅన్నారం
మంగళవారం

గౌరవనీయులైన యాదలక్ష్మి టీచర్ గారికి, అద్దెకున్న జోగారావు వినయంగా రాసుకుంటున్న సంజాయిషీ.

అమ్మా, నేను తెనాలి వాణ్ణి, అకౌంట్స్ ఆఫీసులో రిటైరైన వాణ్ణి. నాకు పేకాట లేదు, రాజకీయం లేదు. పాత హిందీ సినిమాల పిచ్చి ఒక్కటే. పాతవంటే మీరనుకునే పాత కాదు. బొంబాయిలో సినిమా ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలం నాటివి. ఎవరు తీశారు, ఎవరు అడవులు కట్టారు, ఎవరు పులులయ్యారు, పుస్తకం వేద్దామని అన్నీ సేకరిస్తుంటాను.

పుణెలో ఉన్న నా మిత్రుడు ఈమధ్య అలాంటి సినిమా ముక్క ఒకటి సీడీలో పంపాడు. పేరు తెలియదు, మొదలూ చివరా లేవు. అడవిలో కథానాయికకు పులి ఎదురవుతుంది, అంతే. ఆ పిల్ల పేరు మిస్ మెహ్రూ అట. ఆమె మొహంలో భయం చూశారా, మన దేశంలో అలాంటి నటన నేనింతవరకూ చూడలేదు. శబ్దం మాత్రం పాడైపోయింది. దాన్ని నేను కంప్యూటర్లో చూస్తుంటే, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తీసుకుపోవడానికి వచ్చిన మీ అత్తగారు గుమ్మంలో ఆగిపోయారు. "గీ సిన్మల ఒర్రింది నేనే, బిడ్డా," అన్నారు.

ఎలా అని అడిగాను. అరిచి చూపించారు. నా చేతిలో కాఫీ నా చొక్కా మీద ఉంది. ఆ మర్నాడు సౌండ్ రికార్డర్ తీసుకుని వారి గదికి వెళ్లాను. సైదమ్మ చూసిన మిషన్ అదే. ఆ కేకను ఆ బొమ్మకు మళ్లీ జోడించాలని నా ఆశ. కేకకు కూడా ఒక ఉచ్ఛారణ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

వారి తండ్రిగారు స్టూడియోలో సెట్లు కట్టేవారనీ, చిన్నప్పుడు కామాటిపురాలో ఉన్నామనీ చెప్పారు. మీ ఇంట్లో ఈ సంగతి ఎవరికేం తెలుసో దయచేసి రాయగలరు.

మీ విధేయుడు,
జోగారావు

తా.క.: గోళీల విషయం. ఒకటి మింగారు. ఇంకొకటి నా చేతిలో పెట్టి, "నువ్వు మింగు, నీ రంగే మంచిగ లేదు" అన్నారు.

*

సమ్మె శిబిరం
బుధవారం

జోగారావు గారికి,

ఈసారి నమస్కారం పెట్టడం లేదు.

కామాటిపుర అని ఏ నోటితో అన్నారు, ఏ చేత్తో రాశారు? అది సానిపేట అని నాకు తెలియదనుకున్నారా? మా అత్తమ్మది నల్లగొండ దగ్గర పల్లెటూరు. వాళ్లది మేస్త్రీల ఇల్లు. బొంబాయి అన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. మీరు మంచం పక్కన కూర్చుని నూరిపోస్తే తప్ప ఆ పేరు ఆమెకెలా తెలుస్తుంది?

మీ ఉత్తరం శిబిరంలో చదవకూడదనుకున్నాను. కానీ సైదమ్మ అందరి ముందే తెచ్చి ఇచ్చింది, అందరూ ఏమిటేమిటన్నారు, చదివాను. ఇక చూడండి. మా నీళ్లు పోయాయి, కొలువులు పోయాయి, ఇప్పుడు మా అత్తల అరుపులు కూడా మిషన్లో పట్టుకుపోతున్నారని గంటసేపు చర్చ జరిగింది. రేపు ఆ కేకను ఏ తెనాలి ఆడమనిషిదో అని మీరు పుస్తకంలో వేయరని నమ్మకమేమిటి?

నాకున్న అనుమానం ఇంకా పెద్దది. ఒంటరి ముసలామెను మచ్చిక చేసుకునేవాళ్లు కేకలతో మొదలుపెట్టి ఇల్లు రాయించుకోవడం దగ్గర తేలతారు. వచ్చే నెలకల్లా ఇల్లు ఖాళీ చేయండి.

జై తెలంగాణ.
యాదలక్ష్మి

తా.క.: 'ఉచ్ఛారణ' కాదు, 'ఉచ్చారణ'. అద్దె కాదు, కిరాయి. మొదటిది తప్పు, రెండోది మా ఇష్టం.

*

గడ్డిఅన్నారం
గురువారం

యాదలక్ష్మి గారికి నమస్కారం. మీరు పెట్టకపోయినా నేను పెడుతున్నాను.

ఖాళీ చేయమన్నారు, చేస్తాను. కానీ ఒక్క మాట. కామాటిపురా పేరు కామాటీల వల్ల వచ్చింది. కామాటీలంటే మీ తెలంగాణ నుంచి వెళ్లి బొంబాయిలో మేడలు కట్టిన కూలీలూ మేస్త్రీలూ. మీరనుకునే చెడ్డపేరు ఆ పేటకు తర్వాత వేరే కారణాల వల్ల వచ్చింది. మీ వాళ్లు కట్టిన ఊరిని మీరే తిట్టుకుంటుంటే తెనాలి వాణ్ణి నేను సర్దిచెప్పవలసి వచ్చింది, ఏం చేయను.

నిన్న ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. అసలే ఉద్యమం రోజులు, ఇంట్లోంచి కేకలంటే ఎవరికైనా అనుమానమే కదా. పక్కింటి వాళ్లు చెప్పినట్టున్నారు. "ఎవరమ్మా అరుస్తున్నది?" అన్నాడు ఒకాయన. మీ అత్తగారు తానేనన్నారు. ఎందుకని అడిగాడు. నేను వద్దు వద్దంటున్నా వినకుండా అరిచి చూపించారు. ఆయన గేటు దాకా వెనక్కి నడిచాడు, టోపీ ఇక్కడే ఉండిపోయింది. అప్పుడు మీ అత్తగారు, "డరో మత్ బేటా, పిక్చర్ కా హై," అని, సినిమా కేకేలే భయపడకని బుజ్జగించారు. ఇది 'డరో నక్కో' అనే మన హైదరాబాద్ హిందీ కాదు. అచ్చంగా బొంబాయి యాస.

బొంబాయి పేరే తెలియని మనిషి అది నల్లగొండ పల్లెలో నేర్చుకున్నారా? ఇప్పుడు అనుమానం నా వంతు. మీ ఇంట్లో ఎవరో ఏదో దాచారు. మీరు కాకపోవచ్చు. మీకు కోపం మాత్రం చాలా త్వరగా వచ్చింది.

జోగారావు

తా.క.: ఉచ్చారణ దిద్దుకున్నాను. టోపీ కోసం ఆయన ఇంతవరకూ రాలేదు. మీ అత్తగారు దాన్ని మిరపకాయల మీద కప్పారు, కాకులు రావడం లేదు.

*

సమ్మె శిబిరం
శుక్రవారం

జోగారావు గారికి యాదలక్ష్మి నమస్కారం. (సగమే.)

రాత్రి మా ఆయనను నిలదీశాను. ఆయన ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు కాబట్టి తప్పించుకుపోవడానికి బస్సు లేదు. చివరికి చెప్పాడు. "అమ్మ చిన్నప్పుడు బొంబైల ఉన్నది నిజమే. సిన్మ సంగతి గూడ చెప్పేది. నలుగురు నవ్వుతరని బాపు బందువెట్టించిండు." మా పెళ్లయిన కొత్తలో మామగారు ఆమెతో ఒకటే మాటన్నారట, కామాటిపుర అంటే జనం ఏమనుకుంటారో నీకు తెలియదని. అత్తమ్మ అప్పటినుంచి నోరెత్తలేదు. మేం వనస్థలిపురం పోకముందు అన్నేళ్లు ఒకే వంటింట్లో తిరిగాం, నాక్కూడా చెప్పలేదు. మిరపకాయల కోసం డాబా ఎక్కి మీకు చెప్పింది. అది నాకు ఎక్కడో గుచ్చుకుంది, అయినా అది మన మధ్య విషయం కాదు.

ఇప్పుడు నా షరతులు. ఆ కేక కింద 'పెంటమ్మ, నల్లగొండ జిల్లా, తెలంగాణ' అని స్పష్టంగా ఉండాలి. 'ఆంధ్ర పరిశోధకుడు కనిపెట్టిన' అన్న మాట ఎక్కడా ఉండకూడదు. మా అత్తమ్మను ఎవరూ కనిపెట్టలేదు, ఆమె ఎప్పుడూ అక్కడే ఉంది.

శిబిరంలో ఈ సంగతి చెప్పాను. ఆదివారం సాయంత్రం అత్తమ్మకు సన్మానం. బ్యానర్ రాయించారు కూడా: 'తొలినాటి హిందీ టాకీలో తెలంగాణ గొంతు'. పేపరు వాళ్లు వస్తున్నారు. మీరు కూడా రావచ్చు, వెనక వరసలో కూర్చోండి.

జై తెలంగాణ.
యాదలక్ష్మి

తా.క.: టోపీ వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఇప్పటికే ఇక్కడ సగం మంది మీద కేసులున్నాయి. మిరపకాయల కేసు కూడా ఎందుకు?

*

గడ్డిఅన్నారం
శనివారం

యాదలక్ష్మి గారికి,

సన్మానం ఆపించండి. ఎలా రాయాలో తెలియడం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పుణె మిత్రుడికి మీ అత్తగారి కేక పంపాను. ఆయన ఇవాళ ఫోన్ చేసి నవ్వాడు. ఆ ముక్కలో శబ్దం పాడైపోలేదట. అసలు ఎన్నడూ లేదట. అది టాకీ కాదు, మూకీ. అప్పటికి టాకీలు వచ్చేసినా డబ్బు లేని కంపెనీలు కొన్నాళ్లు మూకీలే తీశాయి. అందులో ఇదొకటి. మాటలు రాసిన అట్టలు కత్తిరించి పారేశారు కాబట్టి నేను పొరబడ్డాను.

మాట లేని సినిమాకు గొంతు అరువిచ్చిన మనిషి లోకంలో ఉండదమ్మా. నా ఆత్రం చూసి మీ అత్తగారు నాతో ఆడుకున్నారు. నేను అకౌంట్స్‌లో పనిచేసిన వాణ్ణి, నన్నెవరూ ఇంత తేలిగ్గా బోల్తా కొట్టించలేదు. ఇంతకీ ఇందులో మీ పాత్ర ఎంత అని కూడా నాకు అనుమానం వస్తోంది. నా చేత ఇల్లు ఖాళీ చేయించడానికి ఇంత నాటకం అక్కర్లేదు. పుస్తకాలు కట్టలు కట్టడం మొదలుపెట్టాను.

జోగారావు

తా.క.: సాయంత్రం మీ అత్తగారు వచ్చి తలుపు తట్టారు. నేను నిద్రపోతున్నట్టు నటించాను. నాకు నటన రాదని, "గురక జర ఎక్కువైంది" అని చెప్పి వెళ్లిపోయారు.

*

సమ్మె శిబిరం
సోమవారం

జోగారావు గారికి యాదలక్ష్మి నమస్కారం. (పూర్తిగా.)

నిన్న మధ్యాహ్నం మీ ఉత్తరం చదవగానే నాకొచ్చిన మొదటి అనుమానం మీ మీదే. బ్యానర్ కట్టాక, పేపరు వాళ్లకు చెప్పాక, పరువు తీయడానికి సరిగ్గా సమయం చూసి రాశారనుకున్నాను. ఎల్‌బీ నగర్ నుంచి నడుచుకుంటూ గడ్డిఅన్నారం ఇంటికొచ్చాను. మీరు పైన తలుపులేసుకుని ఉన్నారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆ సినిమాకు గొంతే లేదట, మరి నువ్వు ఒర్రిందేమిటని అడిగాను. ఆమె ఒక తొన నోట్లో వేసుకుని, తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూసింది.

"సిన్మకు నోరు లేదని నాకు ఎర్కలేదా? నన్ను ఒర్రమన్నది సిన్మకు కాదు. గా పిల్లకు."

తర్వాత చెప్పింది ఇది. వాళ్ల నాన్న కర్రలతో, గుడ్డలతో అడవి కట్టాడట. కంపెనీకి పులిని తెచ్చే స్తోమత లేక పులి తోలు తెచ్చారు. దాని లోపల ఉన్నది అత్తమ్మ మేనమామ మట్టయ్య. రోజూ ఆ మిస్ మెహ్రూకు చాయ్ తెచ్చిచ్చేది కూడా అతనే. పులి గాండ్రించినట్టు మీదికి దూకినప్పుడల్లా ఆమెకు చాయ్ గుర్తొచ్చి నవ్వేదట. ఫిల్ము వృథా అవుతోందని డైరెక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు నాన్నకు అన్నం తెచ్చిన అత్తమ్మ అక్కడే కూర్చుని ఉంది. వాళ్ల వాడలోని మగ్గాల చప్పుడు మీంచి వినపడేలా నాన్నను పిలిచే గొంతు ఆమెది. ఆమెను కెమెరా పక్కన స్టూలు మీద నిలబెట్టి, పులి దూకగానే ఒర్రమన్నారు. ఒర్రింది. మిస్ మెహ్రూ నిజంగానే హడలిపోయింది. కెమెరా ఆ భయాన్ని పట్టుకుంది.

"ఆమె భయపడ్డది, నేను భయపెట్టిన. నా పని గంతే," అంది అత్తమ్మ.

అయినా నాకు అనుమానం పోలేదు, నా సంగతి మీకు తెలుసు. గుర్తుగా ఉంచుకోమని మీరు ఆమెకిచ్చిన సీడీ కాపీ తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. కోచింగ్ సెంటర్లు అన్నీ బందున్నాయి గానీ ఒక జిరాక్స్ షాపు సగం షట్టర్ ఎత్తి ఉంది. అక్కడి కంప్యూటర్లో వేయించుకుని చూశాం. పులి ఎడమ పక్క నుంచి వస్తోంది. ఆ పిల్ల కళ్లు పులి వైపు పోనే లేదు. ఉలిక్కిపడి కెమెరా పక్కకు తిరిగాయి. అత్తమ్మ ఆ పక్కన, తెర బయట, బల్ల మీద వేలు పెట్టి చూపించింది. "గిక్కడ ఉన్న నేను." తొంభైకి దగ్గరపడ్డ మనిషి, అన్నేళ్లు నోరు మూసుకుని, తాను కనపడని చోటును అంత కచ్చితంగా చూపించింది.

మీరు గొప్ప నటన అన్నది నటన కాదు, జోగారావు గారూ. కానీ మీరు చూసింది మాత్రం నిజమే.

సన్మానం ఆపలేదు. బ్యానర్లో 'టాకీ' మీద సున్నం పూసి 'మూకీ' అని రాయించాను. వినపడని కేకకు సన్మానమేమిటని ఒకాయన గొణిగాడు. మా ఆయనతో పనిచేసే పాత డ్రైవరు ఒకాయన లేచి, "మనం ఇన్నొద్దుల సంది ఒర్రేది ఢిల్లీల ఎవలికి ఇనవడ్తున్నదన్నా? ఆళ్ల మొకంల భయం కనవడితే సాలు," అన్నాడు. అత్తమ్మకు శాలువా కప్పాం. మైకు ఇస్తే ఒర్రుతుందేమోనని అందరం చెవులు మూసుకున్నాం. ఆమె మెల్లగా తన పేరు, తండ్రి పేరు, కామాటిపుర పేరు చెప్పి కూర్చుంది.

మీరు రాలేదు. వెనక వరస అన్నందుకు కోపమొచ్చిందేమో. పుస్తకాల కట్టలు విప్పేయండి.

జై తెలంగాణ.
మీ యాదలక్ష్మి

తా.క.: అత్తమ్మకు మీ మీద ఒక అనుమానం ఉంది, అది కూడా రాయమంది. ఆ రోజు హడలిపోయిన మిస్ మెహ్రూ తేరుకోగానే ఉరికొచ్చి, స్టూలు మీదున్న అత్తమ్మ చెంప పగలగొట్టిందట. కెమెరా ఆయన నవ్వుతూనే దాన్ని స్టూలు వైపు తిప్పాడట, ఫిల్ము నడిపే హ్యాండిల్ తిప్పడం ఆపలేదట. "గా ముక్క జోగారావు దాసిపెట్టిండు, పిల్ల మీద మనసుండి," అంటోంది. పుణె ఆయనకు ఇవాళే రాయండి. ఆ చెంపదెబ్బ దొరికితే సినిమాలో మా అత్తమ్మ కూడా ఉన్నట్టే.