తోడుకోని పాలు

పిన్నీ,

నీ మోకాళ్ల నొప్పి సంగతి తర్వాత అడుగుతాను, ముందు పాల సంగతి చెప్పనీ.

మా డెయిరీలో మూడు రోజులు పెరుగు తోడుకోలేదు. పాలలో తోడు వేసే మన తోడక్క మీద నింద పడింది. "ఆవిడ చెయ్యి మంచిది కాదు" అని ఎవరో నవ్వులాటకి అన్నారు. ఇప్పుడు మీ వీధిలో ఎవరూ ఆవిడ ఇంటి నుంచి చెంచాడు తోడు కూడా తీసుకోవడం లేదట. ఆ మాట నమ్మి కాదు, తీసుకుంటే పక్కవాళ్లు ఏమంటారోనని. ఒకటో తారీఖు నుంచి ఆవిడని పనిలోకి రావద్దన్నారు.

నేను ల్యాబులో క్యాన్లన్నీ పరీక్ష చేశాను. పశువుల మందు ఉన్నది నువ్వు పోసిన పాల క్యానులోనే. ఆవు పొదుగు వాస్తే సూది వేయించావు కదా! ఆ మందు పాలల్లోకి దిగి, పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల్ని చంపేసింది. సూది వేశాక ఐదు రోజులు డెయిరీకి పాలు పోయకూడదని నీకూ తెలుసు. ఫోనులో అడిగితే, "ఒక్క క్యాను పాలకి ఇంత రాద్ధాంతమా? చదువుకున్నదానివి మరీనే!" అని నవ్వేశావు.

నన్ను బడికి పంపమని నాన్నతో పోట్లాడింది నువ్వే. అందుకే రిపోర్టులో నీ క్యాను నంబరు రాయడానికి రెండు రోజులు చెయ్యి ఆడలేదు. ఇవాళ రాశాను. ఒకటో తారీఖు లోపు నువ్వే వచ్చి మేనేజరుగారితో చెప్పు.

నీకు ఉత్తరాలు చదివి పెట్టేది తోడక్కేనని తెలుసు. తెలిసే రాశాను.

అక్కా, మధ్యలో ఆపకుండా పిన్నికి అంతా చదివి వినిపించండి. ఆ రెండు రోజులూ నోరు మూసుకున్నందుకు నన్ను క్షమించండి.