అండాలత్తకు ఫోన్, పెద్దులు మామకు మెసేజ్

గిరి అన్నకు,

మొన్న ఫోన్‌లో అరిచాను, ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. మన గొర్రెల సంఘం కంప్యూటర్ నుంచి పేరూ నంబరూ పంపితే, నీ ప్రోగ్రామ్ కాపరులకు టీకా కబురు మెసేజ్‌గా పంపుతుంది. ‘ఫోన్ చేసి చెప్పాలా’ అనే గడి ఉన్నా, “నింపకున్నా నడుస్తది తమ్మీ” అన్నావు. నడిచింది. చదువు రాని అండాలత్త ఫోన్‌లోనే కబురు ఉండిపోయింది. టీకా అందక ఆమె మందలో సగం చచ్చిపోయింది.

సమానత్వమంటే అందరికీ ఒకటే అని కరపత్రాల్లో చదివినవాణ్ని. అందరికీ ఫోన్ చేసి చెప్పడమే తప్పనిసరి చేయిద్దామని బయలుదేరితే అత్తే ఆపింది.

“పెద్దులన్నకు చెవులినరావు గదరా. నువ్వు ఫోన్ల మొత్తుకుంటె గాయినకేమెర్క? జర అడిగి చెయ్యి.”

కాబట్టి ఆ గడి ఇష్టాన్ని బట్టే ఉండనీ అన్నా. ఆ ఇష్టం మాత్రం మనది కాదు, వాళ్లది. ప్రతి మంద దగ్గరికీ పోయి అడిగాను. ఎవరికి ఏది కావాలో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పేరూ నంబరుతో పాటు అదీ ప్రోగ్రామ్‌కు అందేలా చూడు.

రేపు మందలు ఆత్మకూర్ వైపు కదులుతున్నాయి. టీకా బండి ఎక్కడ ఆగేదీ ముందురోజు గానీ తెలియదు. అత్త ఫోన్‌ను కొంగుకు ముడేసుకుని తిరుగుతోంది.

నీ తమ్ముడు