ఇందుతో జతపరచిన కరపత్రం

పేటెంట్ కార్యాలయ పరిశీలకుల వారికి,

అయ్యా,

మా అక్క దర్జీ. మిషన్లో కింది దారం అయిపోయిన సంగతి తెలియక, బారెడు గుడ్డ ఉత్తి సూదితో పొడిచి తల పట్టుకోవడం ఆ పనిలో అందరికీ ఉన్నదే. అక్క, దారం అయిపోగానే గంట మోగే చిన్న అమరిక కనిపెట్టింది. మిషన్ల కంపెనీవాళ్లు "పేటెంటు రానివ్వండి, మీ పేరు వేసే తయారుచేస్తాం" అన్నారు. ఆమె తరఫున దరఖాస్తు నేనే పెట్టాను. మూడేళ్లయింది! మీ ఫ్యాను గాలికి మా అక్క శ్రమ గుర్రుపెట్టి నిద్రపోతోంది. శ్రామికుల ఓపికకు హద్దుంటుందని హెచ్చరిస్తున్నాను.

ఇట్లు,
మేల్కొన్న పౌరుడు

తా.క. జవాబు రాకపోతే మీ గేటు ముందు బైఠాయిస్తాను. గేటు ఎటువైపుందో తెలియజేయగలరు.

---

మేల్కొన్న పౌరుడు గారికి,

నమస్కారం. దరఖాస్తులు వచ్చిన వరసలోనే తీయాలి. మీ ముందు చాలామంది ఉన్నారు. తీశాక, అలాంటిది అంతకుముందే ఎక్కడైనా అచ్చయిందా అని పాత పేటెంట్లు, పుస్తకాలు, పత్రికలు అన్నీ గాలించాలి. ఆలస్యం అక్కడే. మీ వంతు దగ్గరికొచ్చింది.

భవదీయ,
పరిశీలకురాలు

తా.క. గేటు తూర్పున ఉంది. నేను అయ్యను కాను.

---

అమ్మా,

స్త్రీ విముక్తి మీద రెండు కరపత్రాలు అచ్చేసినవాణ్ణి, మిమ్మల్ని అయ్యా అన్నందుకు సిగ్గుపడుతున్నాను. కానీ "ఎక్కడైనా అచ్చయిందా" అంటే ఏమిటి మీ ఉద్దేశం? మా అక్క ఎవరిదో కొట్టేసిందనా? ఇదిగో రుజువు! దరఖాస్తుకు ఏడాది ముందే ఆమె అమరికను బొమ్మతో సహా అచ్చువేయించి, సంతలోనూ బస్టాండులోనూ పంచిపెట్టాను. కరపత్రం జతపరిచాను. దీంతో మీ వెతుకులాట ముగియాలి!

ఇట్లు,
మండుతున్న పౌరుడు

తా.క. ఆఖరి పేజీ తప్పక చదవండి. అది రాసేటప్పుడు నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

---

బాబూ,

మీరన్నట్టే వెతుకులాట ముగిసింది. మీ అక్కగారి అమరికను ముందే అచ్చువేసినవారు దొరికారు. మీరే. దరఖాస్తుకు ముందే లోకానికి చెప్పేసినదానిపై పేటెంటు ఇవ్వడానికి వీల్లేదు, చెప్పింది సొంత తమ్ముడైనా సరే. దరఖాస్తు పెట్టి ఆ మర్నాడు పంచినా ఈ చిక్కు ఉండేది కాదు. అభ్యంతరం విడిగా పంపుతున్నాను. జవాబు ఉంటే రాయండి.

విచారంతో,
పరిశీలకురాలు

తా.క. ఆఖరి పేజీ చదివాను. "జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదు!" అని మీరే రాశారు. మేమూ అదే అంటున్నాం, కాస్త మర్యాదగా.

---

పరిశీలకురాలు గారికి,

మీ అభ్యంతరం ఒప్పుకుంటున్నాను. మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. ఆమె మిషను ఆపలేదు.

"అయితే ఆలస్యం చేసింది వాళ్లు కాదా?"

"కాదక్కా."

"తొందరపడింది నువ్వా?"

"అవునక్కా."

"దారం అయిపోతే మోగే గంట చేశాను గానీ, నీ బుర్ర ఖాళీ అయినప్పుడు మోగేది చేసుకోలేకపోయాన్రా."

తన పేరుతో కంపెనీ చేసే మిషన్లను చూడ్డానికి వెళ్లే రోజు కట్టుకుందామని, ఇదివరకే ఒక చీర అంచున తన పేరు కుట్టి ఉంచుకుంది. ఇప్పుడు సూది మొనతో ఒక్కొక్క కుట్టూ విప్పుతూ, "ఇక ఎవడైనా ఊరికే చేసుకుంటాడు, పేరెందుకులే" అంది. అక్కడ నిలబడలేకపోయాను. మీ గేటు ముందు కూర్చోవాల్సినవాణ్ణి, మా వాకిట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
ఇప్పుడే మేల్కొన్న పౌరుడు

తా.క. మిగిలిన కరపత్రాలను అక్క ఎప్పుడో కాలరు నమూనాలకు కత్తిరించేసిందట, చదవకుండానే. సంతలో తీసుకున్నవాళ్లు పొట్లాలు కట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఆఖరి పేజీ దాకా చదివినవారు మీరొక్కరే. నిజం చెప్పాలంటే, పేటెంటు కన్నా ఎక్కువకాలంగా అలాంటి ఒక్క పాఠకురాలి కోసమే ఎదురుచూస్తున్నాను. ఈ మాట అక్కకు చెప్పకండి.