పళ్ళు ఎటువైపు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ బావ మోకాలి నొప్పీ, షెడ్డు పైకప్పు కారడమూ కూడా క్షేమంగానే ఉన్నాయి. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను, రాయకపోయినా.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. ఇనుము కోసే మిషను రంపం వచ్చిందా అన్నావు. వచ్చింది. మూతపడిన ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చింది. దింపడానికి ఆరుగురు కావాల్సివచ్చింది. షెడ్డు తలుపు ఊడదీస్తే గానీ లోపలికి పట్టలేదు.

"గేట్లు చేసుకునే దానివి, నీకీ ఏనుగెందుకే?" అన్నారు మీ బావ.

చేత్తో కోసీ కోసీ భుజం పడిపోయిందని చెప్పాను. నమ్మారు.

కరెంటు సంగతి. మోటారు త్రీ ఫేజే, మన ఇంటికొచ్చేది సింగిల్ ఫేజ్. సింగిల్‌ను త్రీ ఫేజుగా మార్చడానికి నువ్వు పంపిన డ్రైవ్ పెట్టెను నువ్వు గీసిన బొమ్మ చూసే బిగించాను. ఎర్త్ విడిగా వేయించాను. తాళం తీస్తేనే రంపం తిరిగే స్విచ్చు పెట్టమన్నావు, అదీ పెట్టాను.

ఇక కోత ఎలా ఉందన్నావు. మొదటిరోజు బ్లేడు గిర్రున తిరిగింది గానీ ఇనుము తెగలేదు, పొగ మాత్రం వచ్చింది. మోటారు వెనక్కి తిరుగుతోందనుకున్నాను. మూడు తీగల్లో రెండు అటూ ఇటూ మారిస్తే దిశ మారుతుందని నేర్పింది నువ్వే కదా, మార్చాను. కోసిందిరా! మురిసిపోయి మీ బావను పిలిచాను. రెండో కడ్డీ సగం తెగిందో లేదో, బిగింపులోంచి ఊడి ఎగిరి, కిటికీలో ఆయన టీ గ్లాసును పగలగొట్టింది. ఆయన అప్పుడే గ్లాసు అక్కడ పెట్టి చెయ్యి తీశారు.

"గ్లాసే కదా, పోతే పోనీ" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూశాను.

ఆనాటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. షెడ్డులోకి పోతాను, వస్తాను, మళ్ళీ పోతాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. చివరికి నిన్న కరెంటు తీసేసి, బ్లేడు పళ్ళను బొటనవేలితో తడిమాను. తప్పు మోటారుది కాదు. బ్లేడునే నేను తిరగేసి ఎక్కించాను. ఆ తప్పును దిద్దాల్సింది పోయి, మంచి మోటారును వెనక్కి తిప్పాను. అందుకే కడ్డీని బిగింపులోకి నొక్కాల్సిన బ్లేడు దాన్ని బయటికి లాగి విసిరింది.

ఇంక నీ నాలుగో ప్రశ్న. "అక్కా, నీ అక్షరాలు ఇంత పెద్దవయ్యాయేం, కాగితం చవకగా దొరికిందా?" అన్నావు. చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను.

ఇరవై ఏళ్ళుగా పళ్ళు ఎటున్నాయో చూసే బ్లేడు ఎక్కించాను. ఈసారి కనిపించలేదు. సుద్దతో గీత గీస్తే నడిమధ్యలో మాయమైపోతోంది. ఏడాదిగా ఇంతే. భుజం నొప్పి అబద్ధం. ఈ రంపానికి కొలత ఒకసారి అమరిస్తే చాలు, గీత చూడక్కర్లేదు. అందుకే కొన్నాను. డాక్టరు దగ్గరికి పోలేదు. పని మానెయ్ అంటే? పని లేకపోతే నేనేం కావాలిరా?

కానీ మీ బావ ఆ చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా తీసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి ఈ కవర్లోనే పెట్టాను. ఇంకోటి లేదు. ఉత్తరం పోస్టులో పడేసి వచ్చి మీ బావకు అన్నీ చెబుతాను. ముందు చెబితే తాళంచెవి నా దగ్గరే ఉంచుకోవాలనిపిస్తుంది, నా సంగతి నాకు తెలుసు. నువ్వు వచ్చేటప్పుడు అది తీసుకురా. ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం, తర్వాత తాళం తీయాలో వద్దో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ పెద్దక్షరాల అక్క