ఉసిళ్ళ డబ్బా

అచ్చంపేట తాలూకా, మన ఊరు
ఆరుద్ర కార్తె, 1946

మా ఇంటి యజమాని, మా రూతు తండ్రి మైసయ్య గారికి, మీ భార్య దీనమ్మ చేతులు జోడించి వందనాలు చెప్పి రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాము. అక్కడ తుంగభద్ర కట్ట పనిలో మీరూ మీ తోటివాళ్ళూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. సుఖంగా ఉన్నారని కొంచెం ఎక్కువగానే విన్నాను, ఆ సంగతి తరవాత రాస్తాను.

మొగుడికి ఉత్తరం రాసేటప్పుడు మీరు అని రాయాలని మిషన్ బడిలో నేర్పారు. ఈ ఉత్తరంలో నాకు అది సాగేటట్టు లేదు. ఇంట్లో పిలిచినట్టే నువ్వు అని రాస్తాను. నీకు చదవడం నేర్పింది నేనే కాబట్టి కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువుకో, ఎవరి చేతా చదివించుకోకు. దీన్ని తెచ్చే గాలయ్యకు అక్షరం ముక్క రాదు. ఆ ధైర్యంతోనే ఇంత విప్పి రాస్తున్నాను. అతను ఒక డబ్బా కూడా ఇస్తాడు, మన బిస్కట్ల డబ్బాయే. ఉత్తరం చివరిదాకా చదివి అప్పుడు మూత తియ్యి.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవి ముందు చెప్పేస్తాను. ఇంటికి కొత్త గడ్డి కప్పించాను. మొదటి వానకు ఒక మూల కారింది, పొయ్యి మూల మాత్రం తడవలేదు. రూతు దగ్గుకు మిరియాల కషాయమే సరిపోయింది, మహబూబ్‌నగర్ దవాఖానా దాకా పోవలసిన పని పడలేదు. ఎర్ర మేక ఈనింది, రెండు పిల్లలు. దొర గడీ నుంచి వెట్టికి నన్ను పిలిచారా అని అడిగావు. పిలిచారు. నీ మొగుడేడి అంటే కట్ట పనికి పోయాడని చెప్పాను. ఎప్పుడొస్తాడు అని గద్దించారు, నాకూ తెలియదన్నాను. అందులో అబద్ధం లేదు. పోయినసారి విత్తనాల వేళకు వస్తానన్నావు, ఇప్పుడు దసరా అంటున్నావు. దసరా వచ్చాక ఇంకేమంటావో.

నీ ఉత్తరంలో చివరన ఇంకో మాట ఉంది. "ఈయేడు ఉసిల్లు పంపకు. ఈడ కన్నడపోళ్లు పురుగులు దినేటోళ్లని నవ్వుతున్నరు. నేను ఇడిసిపెట్టిన" అని రాశావు.

అది చదివి నేను ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. తొలకరి వానకు పుట్టలోంచి రెక్కలు విప్పుకుని లేచే ఆ పురుగులను నువ్వు పిడికిళ్ళతో బుక్కుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. వేయించే మంగలాన్ని మేకల కొట్టంలో దాచేదాన్ని. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కొంగు ముక్కుకు చుట్టుకుని వేయించేదాన్ని. నువ్వు అక్కడే గోడవైపు తిరిగి కూర్చుని తిని, నోరు పుక్కిలించాకే గడప దాటాలి. పాపను ఆ పక్కకే రానిచ్చేదాన్ని కాదు. మిడతలు తిని బతికిన భక్తుడి మాట ప్రసంగంలో వచ్చినప్పుడు నువ్వు నన్ను మోచేత్తో పొడిచి నవ్వావు. నేను నవ్వలేదు. ఇన్నేళ్ళకు నా పట్టు నెగ్గింది అనుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళందరి ముందు మా ఆయన ఉసిళ్ళు మానేశాడని గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆడవాళ్ళ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది.

ఎందుకంటే ఆ వారంలోనే గాలయ్య కట్ట పని నుంచి తన తమ్ముడి పెళ్ళికి ఊరికి వచ్చాడు. నిన్ను చూసి వచ్చిన మనిషి కదా అని పిలిచి గటక పెట్టాను. తింటూ తింటూ అతను అన్నాడు, "మైసన్నకేం రంది లేదు వదినె. సీకటి పడంగనే కొట్టాల కాడ పెద్ద దీపం ముట్టిస్తరు. గా దీపానికి ఉసిల్లు మస్తుగ దిగుతయ్. మన అండాలు లేదా, వంట జేసేటామె, దీపం కింద గంగాళంల నీళ్లు పోసి వెడ్తది. అన్ని అండ్లనే పడ్తయ్. జొన్న పేలాలేసి వేంచుతది. అందరం సుట్టు కూసొని బుక్కుతం."

"అందరూ అంటే? మీ మైసన్న కూడానా?"

"అయ్యో, మైసన్న లేకుంటెట్ల? ఆయన ముచ్చట్లు జెప్తడు, నవ్వీ నవ్వీ కడుపు నొస్తది. అండాలైతే కండ్లకెల్లి నీళ్లు దీసుకుంటది."

కన్నడపోళ్ళు నవ్వుతున్నారని రాశావు. నవ్వేది ఎవరో ఇప్పుడు తెలిసింది. నువ్వు ఉసిళ్ళు మానలేదు. నా చేతివి మానావు.

గాలయ్యను నువ్వు ఏమీ అనవద్దు. పాపం, ఆ మనిషికి దాచడం రాదు. నేనే వదలకుండా పీకి పీకి అడిగాను. ఆమె వయసెంత అంటే "ముసల్దేం గాదు, పడుసుదేం గాదు" అన్నాడు. మొగుడున్నాడా అంటే పోయాడన్నాడు. ముక్కుపుల్ల ఉందా అంటే "ఉన్నట్టే ఉన్నది" అన్నాడు. పళ్ళు ఎత్తా అని కూడా అడిగాను. "నేనెప్పుడు సూడలేదు వదినె, నువ్వు ఆమెకు సంబంధం జూస్తున్నవా ఏంది?" అని బిత్తరపోయాడు. ఇంకొంచెం గటక వేశాను, ఇంకా ఏమైనా చెబుతాడేమోనని.

ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. కుళ్ళుకున్నానని రాయడానికి నాకేమీ నామోషీ లేదు. కుళ్ళుకున్నాను, ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. దీపానికి మోసపోయి వచ్చి నీళ్ళల్లో పడి చచ్చినవి, అవీ ఒక ఉసిళ్ళేనా? పుట్ట దగ్గర కాచుకోకుండా, గుంత తవ్వకుండా, గంగాళం పెట్టి పడుకుంటే దొరికినవాటిలో రుచేముంటుంది? నేను తినకపోయినా ఏవి మంచివో నాకు తెలుసు. ఇన్నేళ్ళు వేయించినదాన్ని. నీళ్ళల్లో నానినవాటిని వేయిస్తే చర్మం సాగుతుంది. అండాలుకు అది కూడా తెలియదు కాబోలు. నువ్వు చెప్పలేదా? ముచ్చట్లు చెప్పడానికే పొద్దు సరిపోతుందేమో.

నన్ను ఎక్కువ కాల్చింది ఆ ముచ్చట్ల మాటే. ఆమె వంట మనిషి, వండితే వండనీ. కాని నువ్వు తింటూ ముచ్చట్లు చెబుతావని నాకు ఇప్పటిదాకా తెలియదు. మన ఇంట్లో నువ్వు గోడకు చెప్పావా, మేకలకు చెప్పావా? "ఇంటి కాడైతే ఒక్కన్నే గోడ దిక్కు మల్లి తినాలె, ఈడ నలుగురం ఉన్నం" అని నువ్వు అన్నావట. అది కూడా గాలయ్యే చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నా మొహం చూడలేదు, పళ్ళెంలోకి చూశాడు.

నేను ఎందుకు అసహ్యించుకున్నానో నీకు ఎన్నడూ చెప్పలేదు. మిషన్ బడి హాస్టల్లో తొలి వానకు మా అమ్మ ఒక మూట పంపింది. పక్కన కూర్చున్న పిల్ల మూట విప్పి చూసి, తన పళ్ళెం తీసుకుని ఆ చివరకు జరిగి కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకామె జరిగింది. బంతిలో నా రెండు పక్కలా ఖాళీ అయింది. ఆ మూట పారేశాను, ఒక్కటి కూడా నోట పెట్టలేదు. అప్పటినుంచి ఆ వాసన వస్తే నాకు ఆ ఖాళీ బంతే గుర్తొస్తుంది. మరి నేను నీకు చేసిందీ అదే కదా. నువ్వు మాత్రం అలిగి కూర్చోకుండా వేరే బంతి చూసుకున్నావు. ఇలా రాశానని నిన్ను క్షమించాననుకోకు. ఉత్తరం ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇంతసేపూ రాయాలా వద్దా అని చూశాను.

మన చెలక గట్టు మీది పుట్ట ఉంది కదా. ప్రతి ఎండాకాలం చివర నువ్వు దాని మీద రేగు కంప వేసేవాడివి, ఇది మైసయ్య పుట్ట అని అందరికీ తెలిసేటట్టు. ఈ ఏడు నువ్వు మానేశానన్నావు కదా అని నేను వేయలేదు. మొన్న మేకలకు ఆకు కొట్టడానికి పోతే మన వాడకట్టు పెద్దులు తన కంప తెచ్చి వేస్తున్నాడు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. నీ మీద రావలసింది అతని మీద వచ్చింది.

"అది మా పుట్ట. కంప తియ్యి" అన్నాను.

"వాడకట్టుల మాటేంది వదినె? తినే ఇంటికే పుట్ట. మైసన్న ఇడిసిపెట్టిండని నువ్వే గదా అందరికి జెప్పుకున్నవ్. నువ్వైతే ముట్టవు. మల్ల నీకెందుకు?"

"నేను తింటా" అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వింతగా వినిపించింది. పెద్దులు నవ్వాడు. "గట్లనే గానీ. నువ్వు తింటుంటే నా కండ్లతోని జూస్త, గప్పుడు కంప తీస్త" అన్నాడు. వాడకట్టు అంతా ఆ మాట పాకింది. వెనక్కు తీసుకుందామన్నా దారి లేకుండా పోయింది. అయినా తీసుకోవాలని అనిపించలేదు. దూరాన ఎవరో దీపం కింద గంగాళం పెట్టి నా మొగుడిని పక్కన కూర్చోబెట్టుకుంది, ఇక్కడ నా పుట్ట కూడా పోవాలా?

మరుసటి రోజే పెద్ద వాన పడి వెలిసింది. మీ పెద్దమ్మ సుక్కమ్మ మోకాళ్ళ నొప్పితో కూడా కట్టె పట్టుకుని నాతో వచ్చింది. గుంత ఎక్కడ తవ్వాలో, గొంగడి ఎట్లా కప్పాలో ఆమె చెప్పింది. పొద్దు గూకుతుండగా ఉసిళ్ళు లేచి గుంతలో పడ్డాయి. రూతు గొంగడి అంచు పట్టుకుని అరిచిన అరుపులు చూడాలి. ఇంటికి తెచ్చి, మేకల కొట్టంలోని మంగలాన్ని తీసి కడిగి, ఇంట్లో పొయ్యి మీద పెట్టాను. అవును, ఇంట్లో పొయ్యి మీదనే. ముక్కుకు కొంగు చుట్టుకోలేదు. వేగాక చేటలో పోసి రెక్కలు చెరిగాను, ఉప్పూ కారమూ ఇంకొకటీ కలిపాను. ఆ ఇంకొకటి ఏమిటో అండాలు అడిగితే చెప్పకు. నీకూ చెప్పను కాబట్టి నువ్వు చెప్పలేవు.

పెద్దులు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. సుక్కమ్మ నా పక్కకు జరిగి, "జర కండ్లు మూసుకొని ఏసుకో బిడ్డా, నోరుకు కండ్లుండయి" అంది. నేను కళ్ళు మూసుకోలేదు. ఒకటి వేసుకున్నాను. నమలకుండానే మింగాను. ఒక రెక్క ముక్క అంగిట్లో అంటుకుంటే వేలితో తీసుకున్నాను. రెండోది వేసుకున్నప్పుడు తెలిసింది, వేయించిన పల్లీలాగా నూనె నూనెగా, కమ్మగా ఉంది. మూడోదానికి ఎవరూ నన్ను చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. పెద్దులు లేచి పోయి తన కంప తీసేశాడు. రూతు నా ఒళ్ళో కూర్చుని నా చేతిలోనివి లాక్కుని తింది. "నాయినకు తీసిపెడదామా అమ్మా?" అని అడిగింది. పెడదాంలే అన్నాను.

పెట్టలేదు. ఇదే నేను ఇంతసేపూ ఆపిన మాట. నీకోసమని డబ్బాలో నిండుగా పోసి మూత పెట్టాను. గాలయ్య రేపు బయలుదేరతాడనగా, ఆ డబ్బా అక్కడ చేరాక నువ్వు ఎక్కడ విప్పుతావో తలుచుకున్నాను. ఆ దీపం కిందనే విప్పుతావు. నలుగురికీ పంచుతావు. ఆమె పిడికెడు తీసుకుని, మీ ఇంటామె చేతివి బాగున్నాయి అంటుంది. ఆ మాట తట్టుకోలేకపోయాను. మూత తీసి సుక్కమ్మను పిలిచాను. ఇద్దరమూ రూతూ కూర్చుని, నీ గురించి ముచ్చట్లు చెప్పుకుంటూ, అడుగంటా తినేశాము. చాలా నవ్వాము. నాకు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, అవి నవ్వుకే వచ్చాయని సుక్కమ్మ అనుకుంది.

ఇప్పుడు డబ్బా మూత తియ్యి. లోపల ఏమీ ఉండదు. వాసన మాత్రం పోయి ఉండదు, చూసుకో.

పుట్ట ఇంకా ఒట్టిపోలేదని, ఇంకో పెద్ద వానకు మళ్ళీ లేస్తాయని సుక్కమ్మ చెప్పింది. ఈసారి కంప నేనే వేసి వచ్చాను, నీకన్నా పెద్దది. పుట్టకైతే కంప వేస్తే ఎవరూ ముట్టరు, మొగుడికి ఏం వేయాలో నాకు తెలియడం లేదు. మంగలం పొయ్యి పక్కనే ఉంది, మేకల కొట్టంలోకి మళ్ళీ పోదు. నువ్వు కూర్చునే గోడ దగ్గర పిడకలు పేర్చేశాను, అక్కడ ఇక జాగా లేదు. ఆ వానకు ముందే వస్తే ఇంట్లో, నా పక్కన కూర్చుని తింటావు, ముచ్చట్లూ చెబుతావు. రాకపోతే నీ వంతు కూడా నేనే తింటాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని నీ ఇంటిది,
రూతు తల్లి దీనమ్మ