బలిపీఠం మీద నా మల్లెలు

అయ్యగారికి వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, బలిపీఠం మీది ప్లాస్టిక్ గులాబీలు తీసేసి నా మల్లెలు పెట్టినందుకు క్షమాపణ రాసివ్వమని చర్చి కమిటీవారు అడిగారు. రాయనండి. ఎందుకో మీకు మాత్రం చెబుతాను.

గోదావరి కాలవలకి నీళ్లు కట్టేసి నెల దాటింది. మా బోరులో ఉప్పునీళ్లు వస్తున్నాయి. అయినా బియ్యం కడిగిన నీళ్లు, గుడ్డలు జాడించిన నీళ్లు చెంబుతో పోసి, ప్రతి ఆదివారం బలిపీఠానికి పూలిచ్చే తొమ్మిది మల్లె పొదల్లో ఆరింటిని బతికించుకున్నాను. కమిటీ తరఫున శ్యాంబాబు గారు మా ఇంటికొచ్చి, "ఈ ఎండల్లో మీకెందుకండీ శ్రమ? ప్లాస్టిక్‌వి తెచ్చేశాం. కడుక్కుంటే పదేళ్లుంటాయండి" అన్నారు. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను. ఆదివారం కోసుకొచ్చిన పూలను కూడా డబ్బా మూత తీయకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నా పక్కన కూర్చునే సంపూర్ణమ్మ గారికి చూపు పోయి ఎనిమిదేళ్లయింది. పాట మధ్యలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఈవేళ పూలు లేవేంటమ్మా? ఎండిపోయాయా?" అన్నారు.

బలిపీఠం నిండా గులాబీలున్నాయని ఆవిడతో ఎలా చెప్పను? అందుకే లేచాను. నేను తిరిగొచ్చి కూర్చునేసరికి ఆవిడ తలెత్తి నవ్వుతున్నారు. మీరు పాట ఆపనందుకు కృతజ్ఞురాలిని.

ఈ వారం మొగ్గలు తక్కువే. గుప్పెడు పూసినా అవే తెస్తాను. వద్దనేవారు సంపూర్ణమ్మ గారి పక్కన కూర్చుని, ఆ మాట ఆవిడతోనే చెప్పాలి.

ఇట్లు,
మీ సంఘస్థురాలు